ఆకు తినే చప్పుడు

పెనుకొండ,
12 జూన్ 2025

చి॥సౌ॥ హేమకు,

ఫిబ్రవరిలో ఆ రోజు గురువారం. తెల్లవారకముందే పట్టుగూళ్లు సంచులకెత్తి ఆటోలో వేశాం. మీ అమ్మ డ్రైవరు పక్కన కూర్చుంది, నేను వెనక సంచుల దగ్గర. హిందూపురం గూళ్ల మార్కెట్టులో మన సరుకు ట్రేలలో పోశాం. ఆమె ఎప్పటిలాగే మచ్చ పడిన గూళ్లు ఏరుతూ కూర్చుంది. వేలం అయింది. టీ తాగుదామన్నాను. "నాకొద్దు. ఎడమచెయ్యి లాగతాండాది, దవడ గూడ" అంది. సంచులు ఎత్తినందుకేమో అనుకున్నాం. బెంచీ మీద కూర్చుంది. చెమట పట్టింది. గోరంట్ల రైతు ఒకాయన తన కారులో ఆస్పత్రికి బయలుదేరదీశాడు. దారిలో ఆమె, "ఇంటికాడ పురుగులకు మధ్యాన్నం మేత ఎవురేస్తారు?" అని అడిగింది. పక్క పొలం మల్లప్పకు ఫోన్ చేస్తానన్నాను. "తడి ఆకు ఎయ్యొద్దని చెప్పు" అంది. అదే చివరి మాట. ఆస్పత్రి మెట్ల దగ్గర దించేటప్పటికి అయిపోయింది.

ఆమెకు నొప్పి ఉంది. భయం లేదు. ఆమె ముఖం నేను చూస్తూనే ఉన్నాను కాబట్టి రాయగలుగుతున్నాను.

అప్పుడే నీకు నెల తప్పిందని తెలిసింది. కడుపుతో ఉన్న పిల్ల చావింటికి రాకూడదని పెద్దలు అన్నారు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు.

ఉన్నదున్నట్టు రాయమన్నావని అల్లుడు అభిషేక్ చెప్పాడు. తెలియని చోట నీ మనసు ఇంకా ఘోరమైనవి కల్పించుకుంటోందని మీ డాక్టరమ్మ అందట. మీ అమ్మ పోయిందని ఫోన్ వచ్చిన రోజు నుంచి ఏ ఫోన్ మోగినా నీ ఒళ్లు వణుకుతోందని, అందుకే నీ ఫోన్ తన దగ్గర పెట్టుకున్నానని కూడా చెప్పాడు. సరే, ఉత్తరాలే రాసుకుందాం. పోస్టాఫీసులో, "ఏమప్పా కేశవా, ఇన్‌లాండు కవరు అడిగినోడు ఈ ఏడు నువ్వొక్కడివే" అన్నారు.

వేళకు తిను.

నాయన

ధర్మవరం,
20 జూన్ 2025

నాయనకు,
హేమ నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు మా అత్త గంగులమ్మ వాకిట్లోనే ఉంది. "ఏమ్మా, మీ నాయనేమన్నా కలెక్టరా, కాగితాలు పంపిస్తాండాడు?" అంటూ తెచ్చి ఇచ్చింది. వెటకారమే, కానీ నేను చదివేంతసేపూ మగ్గాల దగ్గరికి పోకుండా పక్కనే కూర్చుంది.

చదివాను. ఏడ్చాను. తర్వాత ఆకలేసింది. అమ్మ పోయాక ఆకలని నా అంతట నాకు అనిపించడం అదే మొదలు.

నాకు వచ్చేది ఏమిటో నీకెప్పుడూ చెప్పలేదు. బియ్యం ఏరుతూనో, దండెం మీద చీర ఆరేస్తూనో ఉంటాను. ఉన్నట్టుండి గుండె ఎగిరి గొంతులోకి వస్తుంది. చేతులు మొద్దుబారతాయి. గాలి చాలదు. ఇదే చావు, ఇంకొక్క నిమిషం అనిపిస్తుంది. అమ్మకు వచ్చిందీ ఇదేననీ, ఇప్పుడు నాకూ వచ్చిందనీ అనుకునేదాన్ని. రెండుసార్లు ఈసీజీ తీశారు. గుండె బాగుంది. అనంతపురం డాక్టరమ్మ ఇది ఆందోళన జబ్బు అంది, చాలామందికి ఉంటుందట, కడుపుతో ఉన్నప్పుడు కొందరికి ముదురుతుందట. నాకిది ఇంటర్ నుంచే ఉంది నాయనా. అమ్మకు తెలుసు.

పొద్దున ఒక మాత్ర ఇచ్చింది. బిడ్డకు ఏమైనా అవుతుందేమోనని అడిగాను. "రెండు వైపులా చూసే ఇస్తాండాను. వైద్యం లేని భయం కూడా బిడ్డకు మంచిది కాదు. నీ అంతట నువ్వు మాత్రం మానొద్దు" అంది. వేసుకుంటున్నాను. కానీ రోజూ మింగే ముందు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూస్తాను. నువ్వు జీవశాస్త్రం చదివినవాడివి. నువ్వేమంటావు?

ఇంకొకటి. అమ్మ దారిలో నన్ను అడిగిందా?

హేమ

పెనుకొండ,
11 జూలై 2025

చి॥సౌ॥ హేమకు,

అడగలేదు. సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తానని అనుకుంది. వదిలిపోతున్నామని తెలిసినవాళ్లే మనుషుల్ని అడుగుతారు. ఆమెకు తెలియదు. నాకు అదే కొంత ఊరట.

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ ఒక పంట పోయింది. మల్లప్ప టమోటాకు పురుగుమందు కొట్టాడు. గాలి మన వైపు తిరిగింది. నేను చూసుకోలేదు. ఆ గట్టు పక్క మల్బరీ కోసి వేశాను. ఆకు పచ్చగా, నిగనిగలాడుతూనే ఉంది. పొద్దునకు పురుగులన్నీ మెలికలు తిరిగి, నోట పసరు కక్కుతూ పడి ఉన్నాయి. గుంత తీసి పూడ్చాను. మల్లప్ప వచ్చి గట్టు మీద నిలబడి ఏడ్చాడు. ఏడవొద్దన్నాను.

ఇన్నేళ్లు పెంచినా ఒకటి మరిచిపోయాను. పెద్దవాళ్లం మనం తట్టుకుంటాం. లోపలికి పోయేది ఎంత కొంచెమైనా చిన్న ప్రాణం తట్టుకోలేదు.

షెడ్డు కడిగి సున్నం వేయాలి. మళ్లీ గుడ్లు తెచ్చేది వచ్చే నెలలోనే.

నాయన

ధర్మవరం,
19 జూలై 2025

నాయనకు,

నువ్వు రాసింది అర్థమైంది. నువ్వెప్పుడూ ఏదీ మొహం మీద చెప్పేవాడివి కావు. చిన్నప్పుడు నాకు మార్కులు తగ్గితే, పక్కింటి ఆవుకు పాలు తగ్గాయని మాట్లాడేవాడివి. అమ్మా నేనూ నవ్వుకునేవాళ్లం.

నా జాగ్రత్త నేను మొదలుపెట్టాను. కష్టంగానే ఉంది. చిన్న ప్రాణం కదా, పెద్దదాన్ని నేనే తట్టుకోవాలి.

పంట పోయినందుకు బాధగా ఉంది. నువ్వు అన్నం వండుకుంటున్నావా?

హేమ

పెనుకొండ,
26 జూలై 2025

చి॥సౌ॥ హేమకు,

జాగ్రత్త మొదలుపెట్టానన్నావు. మంచిది. కష్టమైనా వదలొద్దు.

వండుకుంటున్నాను. రాగిసంకటి ముద్ద కుదరడం లేదు. మీ అమ్మ కట్టె తిప్పేటప్పుడు ఏం చేసేదో అన్నేళ్లూ ఎదురుగా కూర్చుని చూడలేదు. మల్లప్ప భార్య నంజుకోడానికి ఊరిబిండి పంపుతోంది.

షెడ్డు శుభ్రమైంది. ఖాళీ షెడ్డు చాలా పెద్దగా కనబడుతోంది.

నాయన

ధర్మవరం,
16 ఆగస్టు 2025

నాయనకు,

ఈ ఉత్తరం కోపంతో మొదలుపెట్టి చింపేశాను. ఇది రెండోది.

నీ పురుగుల ఉత్తరం చదివిన మరుసటి పొద్దునే మాత్ర మానేశాను. అభిషేక్‌కు చెప్పలేదు. నాలుగు రోజులు బాగానే ఉన్నట్టనిపించింది. తర్వాత తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు అయ్యేది. నిద్ర పోయింది. అది రావడం మొదలుపెడితే పూటకొకసారి వచ్చేది. ముద్ద దిగేది కాదు. వదలొద్దని నువ్వు మళ్లీ రాశావు. పళ్లు బిగబట్టుకున్నాను.

వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దున నుంచి బిడ్డ కదల్లేదు. కదిలిందో లేదో నాకు తెలియలేదనడమే నిజం. నా గుండె చప్పుడు తప్ప నాకింకేమీ వినబడడం లేదు. పూజ దగ్గర కూర్చుని, బిడ్డ పోయిందని అరిచాను. కలశం పక్కకు ఒరిగింది. మా అత్త కలశాన్ని చూడలేదు, నన్ను పట్టుకుంది.

ఇక్కడి ఆస్పత్రిలో నా కడుపు మీద చిన్న మిషన్ పెట్టారు. గది అంతా చప్పుడు. దబదబదబ, ఊపిరి తీసుకోకుండా పరుగెత్తుతున్నట్టు. నేను బిగుసుకుపోయాను. మా అత్త చెవి పెట్టి విని, "ఇదేందమ్మా, ఇంత ఎగిరెగిరి కొట్టుకుంటాంది! నీకూ మీ అమ్మ గాబరానే వచ్చిందా ఏమే?" అని నా కడుపును అడిగింది. ఆ డాక్టరు పగలబడి నవ్వింది. "లేదవ్వా, దానికి అదే మామూలు. నిమ్మళంగా ఉండాది లోపల" అంది.

నాయనా, అది విన్నాక నేను చాలాసేపు లేవలేదు. నేను చావు అనుకుని పారిపోయే ఆ వేగంలోనే ఒక ప్రాణి నా లోపల హాయిగా బతుకుతోంది. దానికి వేరే వేగం తెలియనే తెలియదు. వేళ్లు పెంచుకుంటోంది, నిద్రపోతోంది. చేతులు జోడించాను. మా అత్త కూడా దండం పెట్టుకుంది, దేవుడి వైపు కాదు, ఆ మిషన్ వైపు.

మరునాడు అనంతపురం తీసుకుపోయారు. డాక్టరమ్మ, "ఎవురు మానమన్న్యారు?" అని అడిగింది. మా నాయన అన్నాను. నీ ఉత్తరం సంచిలోనే ఉంది, చూపించాను. రెండుసార్లు చదివింది. "ఇందులో మాత్ర అనే మాట యాడుందమ్మా? పాపం ఆయప్ప పంట పోయిందని రాసుకున్న్యాడు" అంది. మళ్లీ మాత్ర మొదలుపెట్టింది, ఈసారి అభిషేక్ చేతికి ఇచ్చి. వారానికొకసారి కూర్చుని మాట్లాడాలంది.

నిజం చెప్పు. అది పురుగుల గురించేనా?

హేమ

పెనుకొండ,
22 ఆగస్టు 2025

అమ్మా హేమా,

పురుగుల గురించే.

నీ మాత్రల సంగతి నాకు తెలియదు కాబట్టి ఏమీ రాయలేదు. అడిగినదానికి తెలియదని ఒక్క మాట రాసి ఉండాల్సింది. ఇప్పుడు రాస్తున్నాను. తెలియదు. తెలిసిన మనిషి చెప్పినట్టు చెయ్యి.

నీ ఉత్తరం చదివి నిన్న అనంతపురం వెళ్లాను. డాక్టరమ్మ బయట వరుసలో కూర్చున్నాను. నా పక్కన ఒక బస్సు డ్రైవరు, ఒక కాలేజీ పిల్ల, కొత్త పెళ్లికొడుకు. అందరూ మామూలుగా ఉన్నారు. ఇంతమంది ఇది మోసుకుంటూ బస్సులు నడుపుతున్నారని నాకు తెలియదు. నీ పేరు చెప్పగానే డాక్టరమ్మ, "పురుగుల నాయన గదా మీరు" అంది. నీకు వచ్చేది ఎలా ఉంటుందో వివరంగా అడిగి తెలుసుకున్నాను. ఒళ్లు చావును నమ్ముతుందట. మనసు కాదని చెప్పినా వినదట. ఎవరైనా ఒకసారి చచ్చేంత భయపడితే ఊరంతా పరామర్శకు వస్తుంది. నీకు ఇంటర్ నుంచి ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో. వచ్చి పోయాక లేచి ముఖం కడుక్కుని పరీక్ష రాశావు, బీఎడ్ చదివావు, పెళ్లి పీటల మీద కూర్చున్నావు. ఇప్పుడు అదే ఒంట్లో ఇంకొకరిని పెంచుతున్నావు.

నిన్ను పిరికిదానివని అనుకునేవాణ్ని. బల్లిని చూసి అరిచేదానివి. బస్సు దిగి ఆలోచిస్తూ ఇంటికి నడిచాను. దారిలో కొండ మీద కోట గోడ రోజూ కనబడేదే. ఎవరు కట్టారో, ఎలా మోశారో అని చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసేవాణ్ని. నిన్న నీ గురించి నాకు అలాగే అనిపించింది.

కొత్త గుడ్లు తెచ్చాను. పురుగులు బయటికొచ్చి, రెండో జ్వరంలో ఉన్నాయి. నీకు గుర్తుందా, జ్వరమంటే పురుగు చర్మం మార్చుకునే వేళ. మేత మానేసి, తల పైకెత్తి, రాయిలా ఉండిపోతుంది. కొత్తగా పెంచేవాళ్లు చచ్చాయని పారబోస్తారు. మనం ముట్టుకోం. గాలి ఆడేట్టు చూస్తాం, అంతే. మరునాటికి పాత చర్మం వెనక వదిలేసి లేస్తాయి. ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ఒక్కసారి కూడా మామూలు అనిపించలేదు.

ఇది కూడా పురుగుల గురించే. ఇందులో ఏమీ వెతకొద్దు. మాత్ర వేసుకో.

నాయన

ధర్మవరం,
10 సెప్టెంబర్ 2025

నాయనకు,
నమస్కారాలు.

నీ చివరి వాక్యం చదివి అభిషేక్ నవ్వలేక చచ్చాడు. "మామ ఇంకమీద ఆవు పాలియ్యలేదని రాసినా కింద సంతకం పెట్టి, ఇది ఆవు గురించే అని రాస్తాడు" అన్నాడు.

తగ్గింది. పోలేదు, తగ్గింది. వచ్చినప్పుడు దాంతో కొట్లాడొద్దని నేర్పింది డాక్టరమ్మ. పాదాలు నేలకు ఆనించాలి. ఊపిరి నిదానంగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలాలి. బయట వినబడే ఏదో ఒక చప్పుడు పట్టుకుని, అది ఎక్కి దిగేదాకా దాని వెంబడే ఉండాలి. గుండె పరుగెత్తినప్పుడు ఇప్పుడు నేను ఒకటి అనుకుంటాను. లోపల ఉన్నదానితో సమానంగా పరుగెత్తుతున్నాను, ఇద్దరం కలిసే పోతున్నాం అని. అది తన్నుతుంది. మొన్న అభిషేక్ ఫోన్ మోగింది. ఎత్తలేదు, కానీ గది వదిలి పోలేదు.

ఆ చప్పుడు పట్టుకోమన్నప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చి డాక్టరమ్మ ముందే ఏడ్చేశాను. ఇంటర్లో నాకు అది వచ్చినప్పుడల్లా అమ్మ నన్ను షెడ్డులోకి లాక్కుపోయేది. మేము మేత చూడడానికి పోయామని నువ్వు అనుకునేవాడివి. నాలుగో జ్వరం లేచిన పెద్ద పురుగుల తట్ట పక్కన కూర్చోబెట్టి, "మాట్లాడొద్దు. ఇను" అనేది. అన్ని నోళ్లు ఒక్కసారిగా ఆకు తినే చప్పుడు. పైకప్పు మీద చినుకులు పడుతున్నట్టు, ఆగకుండా. నా చెయ్యి పట్టుకునేది కాదు, బుజ్జగించేది కాదు. తనూ వినేది. ఎప్పుడు తగ్గిపోయేదో నాకు తెలిసేది కాదు. అమ్మ ఏ డాక్టరునూ అడగలేదు నాయనా. ఎక్కడ నేర్చుకుందో!

ఇక్కడ మగ్గం చప్పుడు పట్టుకుంటాను. కానీ పోగు తెగితే మగ్గం ఆగిపోతుంది. కాన్పుకు ముందు ఒక్కసారి అది వినాలని ఉంది. అది వింటే కాన్పు గదిలోకి దాన్ని తీసుకుపోగలననిపిస్తోంది.

తొలి కాన్పుకు పుట్టింటివాళ్లు వచ్చి పిలుచుకుపోతారు. తొమ్మిదో నెల వస్తోంది. నువ్వు పిలవలేదు. ఏడాది తిరగని ఇల్లు అని మా అత్త ఏదో అంటోంది, అది వాళ్ల మాట. నువ్వెందుకు పిలవలేదు? అమ్మ లేని ఇంట్లో నన్ను చూడడం నీకు కష్టమా? అయితే అట్లనే రాయి. ఏ ఆవు మీదా పెట్టొద్దు.

హేమ

పెనుకొండ,
21 సెప్టెంబర్ 2025

అమ్మా హేమా,

పిలిచాను. ఆగస్టులో అనంతపురం నుంచి వచ్చిన రోజే అభిషేక్‌కు ఫోన్ చేసి అడిగాను. చావు జరిగి ఏడాది తిరగని ఇంటికి నిండు కడుపుతో పంపడానికి గంగులమ్మ గారు ఒప్పుకోలేదు. పంచాయతీ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నీకు చెప్పొద్దని అభిషేక్‌కు నేనే చెప్పాను, గాబరా పడతావని. నువ్వు గాబరా పడతావని అందరం దాచాం. దాచిన ప్రతిదాన్నీ నువ్వు ఇంకోలా ఊహించుకుని గాబరా పడ్డావు. ఇకమీదట ఏదీ దాచను.

కష్టమే. అది కూడా దాచను. అమ్మ లేని ఇంట్లో నిన్ను చూడడం కష్టం. చూడకుండా ఉండడం ఇంకా కష్టం.

షెడ్డు సంగతి చదివి ఒక పూట ఏ పనీ చేయలేదు. ఆ చప్పుడు నాకు పనికి గుర్తు. తగ్గితే ఆకు అయిపోయిందని తెలుస్తుంది, పోయి ఇంకో మోపు తెస్తాను. అంతకు మించి ఎప్పుడూ వినలేదు. ఇవాళ సాయంత్రం మేత వేశాక, మీ అమ్మ కూర్చునే పీట పక్కన నేల మీద కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక మూల మొదలైంది. తర్వాత అన్ని తట్టల్లోనూ. ఈ పురుగు గుడ్డులోంచి వచ్చినప్పుడు వెంట్రుక తునకంత ఉంటుంది. దానికి కన్ను సరిగా లేదు, చెవి లేదు. తింటోంది. ఎవరు చచ్చారో, ఎవరు పుడతారో దానికి పట్టదు. షెడ్డు అంతా దాని చప్పుడే నిండింది. మీ అమ్మ నీకు మందుగా దీన్ని ఎంచుకుంది. ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆమె నిన్ను ఈ చప్పుడులో కూర్చోబెట్టి కాపాడుకుంటుంటే నేను బయట ఆకు తూచుకుంటున్నాను. నాకు బాధ వేయలేదు. ఎంత గొప్ప మనిషితో ఉన్నానో అనిపించింది. చెప్పడానికి ఆమె లేదు. నీకు చెబుతున్నాను.

ఆగస్టు పంట గూళ్లు మార్కెట్టుకు పోయాయి, ఇవి తర్వాతి గుడ్లవి, నాలుగో జ్వరం లేచాయి. ఇప్పుడే వాటి అసలు ఆకలి. నువ్వు ఈ ఇంటికి రాకూడదు, సరే. అవి ఆ ఇంటికి రాకూడదని ఎవరూ అనలేదు.

మధ్యాహ్నం ఫోన్‌లో గంగులమ్మ గారితోనే మాట్లాడాను.

"పురుగులా! మా ఇంట్లోకా? ఏమన్నా, నీకు బుద్ధి ఉండాదా?" అంది.

"ఒక తట్ట మాత్రమే" అన్నాను.

"మా తాత కాలం నుంచి పట్టు నేస్తాండాం. ఒక్క దినమన్నా పురుగు మొగం సూసినోళ్లం కాదు" అంది.

"అందుకే, ఒకసారి చూడండి" అన్నాను.

"పాకుతాయా?" అని అడిగింది.

"ఆకు ఉంటే తట్ట దాటవు."

"ఈ పొద్దు అమావాస్య. పోనీ. రేపు తీసుకురా. పిల్ల నవ్వితే అదే సాలు. నా కాళ్ల మీదికి వస్తే మాత్రం నీ కత చెప్తా" అంది.

ఆ గదిలో సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, ఏవీ పెట్టొద్దని చెప్పాను. ఆ వాసనకే చస్తాయి. దేవుడి గూట్లో కూడా ఒక రోజు ఊదుబత్తి ఆపుతానంది. ఆమెకు అది చిన్న మాట కాదని నాకు తెలుసు. ఆమె మీద కోపం పెట్టుకోవద్దు. ఆమె కూడా భయపడుతోంది, నీకు మించి.

కాన్పు ధర్మవరంలోనే జరగనీ. ముందు వారం నేను వచ్చి అక్కడే ఉంటాను. అభిషేక్ మగ్గాల గది పక్కన చాప వేస్తానన్నాడు. అప్పటికి ఈ పురుగులు గూళ్లు కట్టేసి ఉంటాయి. ఆ చప్పుడు అప్పుడు ఉండదు. కాబట్టి ఇప్పుడే తనివితీరా విను.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. ఎదురుగా కూర్చుంటే నేను ఇవన్నీ మాట్లాడలేను. చేతికే ఇస్తాను, నేను వెళ్లిపోయాక చదువుకో.

రేపు పొద్దున మంచు ఆరాక, మల్లప్ప పొలానికి దూరంగా ఉన్న మడిలో ఆకు కోస్తాను. తడి లేకుండా తుడిచి గోనెలో కడతాను. ఒక తట్ట నిండా పురుగులు తీసి పలుచటి గుడ్డ కప్పి, ప్యాసింజరు రైలు ఎక్కుతాను. ఇక్కడ వాటికి మేత వేయను. ఆకలితోనే తెస్తాను. మొదటి ఆకు నీ చేత్తో వేయిస్తాను.

నాయన